దీపావళి: విధి ఏది, వేడుక ఏది?



ఆశ్వయుజ బహుళ చతుర్దశి సమీపించుసరికి, దర్శనమునకు వచ్చు భక్తులలో కొందరు ప్రతి సంవత్సరము నన్నొక ప్రశ్న అడుగుదురు. "శాస్త్రులుగారూ! బాణసంచా రెండు గంటలే కాల్చవలెనట. పెద్ద చప్పుడు చేయునవి పనికిరావట. దండలు అమ్మరాదట. మన పండుగ మనమెట్లు చేసికొనవలెనో న్యాయస్థానములు చెప్పుటేమి? ఇది ధర్మమునకు అడ్డు కాదా?" అడుగువారి కంఠములో నిజమైన బాధ ఉన్నది. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. అయితే ఒక ఆజ్ఞ ధర్మమునకు అడ్డు అవునో కాదో తెలియవలెనన్న, ఆ ఆజ్ఞలో ఏమున్నదో చూడవలెను. ధర్మము ఏమి చెప్పినదో కూడ చూడవలెను. రెండును చూడకయే కోపము తెచ్చుకొనుట మనకు తగదు.

ముందు ఆజ్ఞల సంగతి. పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరమున 125 డెసిబెళ్లకు మించి చప్పుడు చేయు టపాకాయలను తయారుచేయరాదని, అమ్మరాదని కేంద్రప్రభుత్వము 1999లోనే చెప్పినది. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు చప్పుడు చేయు బాణసంచా కాల్చరాదని 2005 జూలై 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. ఆ తరువాత 2015లో ఢిల్లీలో ముగ్గురు పసిబిడ్డల పేరిట ఒక వ్యాజ్యము దాఖలైనది. ఆ బిడ్డలకు అప్పటికి ఆరు నెలల నుండి పదునాలుగు నెలల వయస్సు. ఊపిరి తీసికొనుటకు మంచి గాలి కావలెనని వారి తరఫున పెద్దలు అడిగిరి. ఆ వ్యాజ్యములోనే 2018 అక్టోబరు 23న తీర్పు వచ్చినది. పొగ తక్కువగా వెలువరించు హరిత బాణసంచాను మాత్రమే, దీపావళి నాడు రాత్రి 8 నుండి 10 వరకు మాత్రమే కాల్చవలెను. బేరియము లవణములు వాడరాదు. దండలుగా గ్రుచ్చిన టపాకాయలు తయారుచేయరాదు, అమ్మరాదు. ఇంటర్నెట్ ద్వారా అమ్మకములు చేయరాదు. ఇవి అందులోని ముఖ్యాంశములు. తమిళులు తెల్లవారుజామున పండుగ చేసికొందురు గనుక, వేళ మార్చుకొనవచ్చును గాని రెండు గంటలు మించరాదని వారము రోజులలోనే సవరణ కూడ చేసిరి. క్రైస్తవుల పండుగకు, ఆంగ్ల సంవత్సరాదికి కూడ ఆ తీర్పు వేళలు విధించినది. మనమొక్కరి మీదనే ఆంక్ష పెట్టిరనుట సరికాదు.

ఇక ధర్మము. దీపావళి విషయమున మనము చూడవలసిన నిబంధ గ్రంథములు ముఖ్యముగా రెండు: కమలాకరభట్టు రచించిన నిర్ణయసింధువు, కాశీనాథోపాధ్యాయుడు రచించిన ధర్మసింధువు. నరక చతుర్దశి నాడు చంద్రోదయవేళ అభ్యంగనస్నానము, యమతర్పణము, ప్రదోషమున దీపదానము, అమావాస్య నాడు లక్ష్మీపూజ. దీపము పెట్టవలసినది ఇంటి గడప మీద మాత్రమే కాదు. దేవాలయములందు, మఠములందు, గోశాలలందు, తోటలందు, వీధులందు కూడ పెట్టవలెను. చీకటి ఎక్కడ ఉన్నదో అక్కడికి దీపము వెళ్లవలెనని దాని భావము.

2005 నాటి తీర్పులో న్యాయమూర్తులు, దీపావళికి పూజయే ప్రధానమని, టపాకాయలు కాల్చవలెనని ఏ ధర్మగ్రంథమునను లేదని అన్నారు. ఆ మాట సరియైనదే. కాని శాస్త్రము చదివినవాడను గనుక దానికి కొంత చేర్పు చెప్పవలసియున్నది. సూర్యుడు తులారాశియందుండగా, ప్రదోషవేళ చేతులలో ఉల్కలు, అనగా దివిటీలు ధరించి పితృదేవతలకు త్రోవ చూపవలెనని విధి ఉన్నది. మహాలయపక్షమున మన ఇండ్లకు వచ్చిన పితరులు తిరిగి తమ లోకమునకు పోవు సమయమది. అట్లే ఆ అర్ధరాత్రి స్త్రీలు చేటలు కొట్టి, డిండిమము మ్రోగించి ఇంటినుండి అలక్ష్మిని వెడలగొట్టవలెనని కూడ ఉన్నది. అంటే శాస్త్రములో నిప్పు ఉన్నది, చప్పుడు కూడ ఉన్నది. అయితే ఆ నిప్పు నూనెలో తడిసిన వత్తిది. ఆ చప్పుడు చేటది. మందుగుండు ఎక్కడను లేదు.

మన ఉత్తరాంధ్రలో పిల్లలు గోగుకాడలకు గుడ్డ వత్తులు చుట్టి వెలిగించి, వీధి గుమ్మములో నేలకు కొట్టు దివిటీలు ఈ ఉల్కాదానమే. చాలమందికి ఆ సంగతి తెలియదు. కొన్ని ఇండ్లలో దివిటీలు మానివేసిరి, బాంబులు మానలేదు. విధి జారిపోయినది, వేడుక నిలిచినది!

ఇక్కడ మీమాంసాశాస్త్రము మనకు దారి చూపును. విధులు మూడు విధములు. మరి ఏ విధముగను తెలియరాని దానిని విధించునది అపూర్వవిధి. దీపదానము, ఉల్కాదానము అట్టివి. పలు మార్గములున్నచోట ఒక మార్గమునే నియమించునది నియమవిధి. వడ్లను గోళ్లతోనైన ఒలువవచ్చును. కాని యాగమునకు రోట పోసి దంచియే పొట్టు తీయవలెనన్నచో అది నియమము. మూడవది పరిసంఖ్య. అది పైకి అనుమతివలె కనిపించును. దాని తాత్పర్యము మాత్రము మిగిలినవాటిని వారించుట. ఐదు గోళ్ల జంతువులలో ఫలానా ఐదింటినే తినవచ్చునను ధర్మశాస్త్రవాక్యమును దీనికి ఉదాహరణగా చెప్పుదురు. ఆ వాక్యము తినుమని ఆజ్ఞాపించుట లేదు. ఆకలియు, జిహ్వాచాపల్యమును మనుష్యుని ఎట్లును తినిపించును. ఆ ఐదు తప్ప తక్కినవి ముట్టకుమని దాని అర్థము. కోరిక వలన తనంత తానుగా కలుగు ఇట్టి పనిని 'రాగప్రాప్తము' అందురు.

బాణసంచా రాగప్రాప్తము. పిల్లలకు ముచ్చట, పెద్దలకు ఉత్సాహము. అందులో తప్పేమియు లేదు. "8 నుండి 10 వరకు కాల్చవచ్చును" అను వాక్యము పరిసంఖ్య వంటిది. అది కాల్చుమని మనకు చెప్పుట లేదు. తక్కిన వేళలయందు కాల్చవలదని చెప్పుచున్నది. రాగప్రాప్తమైన దానికి హద్దు గీచినంత మాత్రమున ఏ విధికిని భంగము కలుగదు. దీపము పెట్టవద్దన్నచో అది విధికి భంగము. అభ్యంగనము చేయవద్దన్నచో అది విధికి భంగము. అటువంటి ఆజ్ఞ ఎవరును ఇయ్యలేదు. పైగా వేళ విషయము గమనింపుడు. దీపావళి దినములలో విశాఖపట్నమున సూర్యుడు సాయంకాలము సుమారు ఐదున్నరకే అస్తమించును. ప్రదోషము ఆరు ఘడియలు, అనగా రెండు గంటల ఇరువదినాలుగు నిమిషములు. ఎనిమిది కొట్టుసరికి ప్రదోషము ముగియును. దీపములు, దివిటీలు, లక్ష్మీపూజ పూర్తియైన తరువాతనే బాణసంచా వేళ ఆరంభమగును. న్యాయమూర్తులు ప్రదోషమును లెక్కించి ఈ వేళ పెట్టిరని నేననను గాని, పూజ చేయుచుండగా ప్రక్కయింటి బాంబునకు మంత్రము తప్పిపోవు బాధ మాత్రము దీనివలన తీరును.

"అయ్యా, బాణసంచా అనాదిగా ఉన్నది కదా" అందురు మరికొందరు. అనాది కాదు. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవములలో బాణసంచా చూచి వ్రాసినాడు. సంస్కృతములో దాని తయారీ చెప్పిన గ్రంథము కౌతుకచింతామణి. కళింగమును ఏలిన గజపతి ప్రతాపరుద్రదేవుని పేరిట ఉన్నది. ఆయనను జయించిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో మన సింహాచలేశుని దర్శించి శాసనము వేయించిన సంగతి మీరెరుగుదురు. ఆ గ్రంథమున కల్పవృక్షబాణము, చామరబాణము, చంద్రజ్యోతి మున్నగు పేర్లతో యోగములు ఉన్నవి. గంధకము, సూరేకారము, బొగ్గు, ఉక్కుపొడి వాటికి దినుసులు. పుణె నగరమున భండార్కర్ సంస్థలో పనిచేసిన పరశురామకృష్ణ గోడే పండితుడు ఈ చరిత్రనంతయు వెదకి 1953లో పుస్తకముగా వెలువరించినాడు. నేటి చిచ్చుబుడ్డిలోను, కాకరపువ్వొత్తిలోను రాలు నిప్పుపూలు ఆ ఇనుపరజను మండగా వచ్చునవే. ఐదారువందల యేండ్ల వేడుకను నేను చిన్నబుచ్చను. కాని అది రాజుల వినోదముగా వచ్చినది. కౌతుకమను పేరే ఆ సంగతి చెప్పుచున్నది. వైదికకర్మగా రాలేదు.

నిప్పు విషయమున వైదికకర్మ మనకు నేర్పినది వేరొకటి. మా పాఠశాలలో గురువుగారు యాగప్రకరణము చెప్పునప్పుడు ఈ విషయమును ప్రత్యేకముగా నొక్కి చెప్పెడివారు: హద్దు లేని అగ్నిని వేదము ఎరుగదు. ఆహవనీయమునకు పడమట, దక్షిణమున, ఉత్తరమున పరిధులను మూడు సమిధలు ఉంచుదురు. తూర్పున సూర్యుడే కాపు. హోమమునకు ముందు, వెనుక నీటితో పరిషేచనము చేయుదురు. బ్రహ్మ యను ఋత్విజుడు మౌనముగా కూర్చుండి, ఎక్కడ ఏ లోపము జరుగునో అని కనిపెట్టుచుండును. లోపము జరిగినచో ప్రాయశ్చిత్తము. వేదిక కొలతలు అంగుళములతో సహా శుల్బసూత్రములలో ఉన్నవి. అగ్ని మన దేవత, మన పురోహితుడు. అయినను ఆయనను హద్దులో ఉంచియే ఆరాధింతుము. అది భక్తికి లోపము కాదు, భక్తిలో భాగమే.

ఇనుమును కరగించు ఊరిలో ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఉక్కు కర్మాగారములో పనిచేయు సోదరులు తలకు శిరస్త్రాణము, కాళ్లకు బూట్లు లేక కొలిమి దగ్గరకు పోరు. ఆ సోదరులే పండుగ నాడు లుంగీతో నిలుచుండి, లక్ష్మీబాంబు మీద డబ్బా బోర్లించి వత్తి ముట్టింతురు! అన్నట్లు, ఆ లక్ష్మీబాంబు సంగతి కూడ చెప్పవలెను. కాగితము మీద మహాలక్ష్మి బొమ్మ. ఇంటిలో ఆమెకు పూజ. వీధిలో ఆమె బొమ్మను ముక్కలుముక్కలుగా పేల్చి, మరునాడు ఆ ముక్కలను చెప్పులతో త్రొక్కుదుము. దీనికి ఏ న్యాయస్థానపు తీర్పును అక్కరలేదు. దేవతామూర్తులున్న బాణసంచాను మనమే కొనకుండినచో రెండేండ్లలో ఆ బొమ్మలు మాయమగును.

ఇప్పుడు చెప్పబోవునది నా మనస్సును అన్నిటికంటె ఎక్కువగా కలచునది. మనము కాల్చు రెండు గంటల వేడుక వెనుక, దానిని చేతులతో కూరి, చుట్టి, ఎండబెట్టువారు ఉన్నారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలము కైలాసపట్నములో బాణసంచా తయారీకేంద్రము పేలి ఎనిమిదిమంది కూలీలు మరణించిరి. చైత్రమాసమది, దీపావళికి ఇంకను ఆరు నెలలున్నది. ఆ సంవత్సరమే అక్టోబరు 8న, పండుగ దగ్గరపడగా, కోనసీమ జిల్లా రాయవరములో మరొక పేలుడు, పలువురు కాలిపోయిరి. అంతకు పూర్వము 2014 అక్టోబరు 20న, దీపావళికి మూడు దినములు ముందు, తూర్పుగోదావరి తీరమున వాకతిప్ప గ్రామములో పదిమందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలు. పొట్టకూటికి మందు కూరవచ్చిన ఇల్లాండ్రు.

ఇవి దైవికములని ఊరకుండుటకు వీలులేదు. గంధకమును క్లోరేటుతో కలిపిన మందు కొద్దిపాటి రాపిడికే అంటుకొనునని, ఆ మిశ్రమమును 1992 జనవరిలోనే మన ప్రభుత్వము నిషేధించినది. అయినను చవకగా వచ్చునని దొంగచాటుగా తెచ్చువారు, వాడువారు ఉన్నారు. అనుమతికి మించి సరుకు నిలువచేయుట, ఎండలో ఆరబెట్టుట, ఒకే గదిలో ఎక్కువమందిని కూర్చుండబెట్టుట మరికొన్ని కారణములు. హింస విషయమున చంపువాడే కాక, సమ్మతించువాడు, అమ్మువాడు, కొనువాడు కూడ పాలుపంచుకొనునని మనువు చెప్పినాడు. ఆయన చెప్పినది మాంసము సందర్భమున. కాని న్యాయము ఇక్కడికిని వర్తించును. అనుమతిపత్రము లేనివాని ఇంట సగము ధరకు వచ్చుచున్నదని బుట్టెడు సరుకు కొనువాడు, ఆ సగము ధర ఎట్లు సాధ్యమైనదో ఆలోచించవలదా?

అమ్మకపు నియమములు కూడ భక్తులు తెలిసికొనదగినవే. పేలుడు పదార్థముల నిబంధనలు, 2008 ప్రకారము తాత్కాలికపు దుకాణములు మండని వస్తువులతో కట్టవలెను. దుకాణమునకు దుకాణమునకు మూడు మీటర్ల ఎడముండవలెను; ఒకదానికొకటి ఎదురుగా ఉండరాదు. ఒకచోట ఏబదికి మించరాదు. లోపల నూనెదీపముగాని, గ్యాసుదీపముగాని పనికిరావు. ఏబది మీటర్ల లోపల బాణసంచా కాల్చి చూపరాదు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంజనీరింగు కళాశాల మైదానమువంటి బయలు ప్రదేశములలో దుకాణములు పెట్టించుటకు కారణమిదే. పాతనగరపు ఇరుకు సందులో అమ్మినచో ఇంటికి దగ్గర కదా యని విసుగుకొనువారికి విజయవాడ సంగతి గుర్తుచేయుదును. అక్కడ 2022 అక్టోబరు 23న బయలైన జింఖానా మైదానములోనే దుకాణములు తగులబడి ఇద్దరు సజీవముగా దహనమైరి. బయలులోనే అంత జరిగినది. సందులో ఏమగునో ఊహింపుడు. 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున నూనెశుద్ధి కర్మాగారములో గ్యాసు అంటుకొని సుమారు అరువదిమంది బలియైన ఊరు మనది.

గాలి మాట కూడ ఒకటి. ఉత్తరమున కైలాసకొండ, దక్షిణమున యారాడకొండ, నడుమ గిన్నెవలె మన నగరము. ఓడరేవు బొగ్గుధూళి, కర్మాగారముల పొగ ఆ గిన్నెలోనే తిరుగాడును. 2019లో కేంద్రము గాలి బాగుపడవలసిన నగరముల పట్టిక ప్రకటించినప్పుడు విశాఖ అందులో ఉన్నది. 2020లో కోవిడ్ నాటి దీపావళికి మన రాష్ట్రప్రభుత్వము హరిత బాణసంచాను, అదియును రెండు గంటలు మాత్రమే అనుమతించినది. హరితమన్న పొగ లేనిదని కాదు. నాగపూరులోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతి వలన ధూళికణములు మామూలు వాటికంటె సుమారు ముప్పదివంతులు నూటికి తగ్గును, అంతే. డబ్బా మీద ఆ సంస్థ గుర్తు చూచి కొనవలెను. "పొగకు దోమలు చచ్చును, అందుకే పెద్దలు పెట్టిరి" అని చెప్పువారున్నారు. దోమలకు వేపాకు పొగ, సాంబ్రాణి చాలును. బేరియము విషమని తెలిసి దానిని దోమల మందుగా మెచ్చుకొనుట వింత.

దేవాలయముల ధర్మకర్తలకు కూడ ఒక మాట చెప్పకపోయినచో నా ప్రసంగము పక్షపాతమగును. 2016 ఏప్రిల్ 10న కేరళలో కొల్లము దగ్గర పరవూరు పుట్టింగల్ దేవీ ఆలయములో రెండు వర్గములు పోటీపడి బాణసంచా కాల్పించిరి. అధికారులు అనుమతి నిరాకరించినను ఆగలేదు. నిలువచేసిన గది పేలి నూరుమందికి పైగా భక్తులు అమ్మవారి సన్నిధిలోనే మరణించిరి. ఆ అమ్మవారికి ఆ పోటీ ఎవరు కావలెననిరి? మన జాతరలలో, కల్యాణోత్సవములలో "పోయిన యేడాది వారు ఇంత కాల్చిరి, మనము ఇంతకు రెట్టింపు" అను లెక్క ఎక్కడ వినబడినను పెద్దలు అక్కడే దానిని త్రుంచివేయవలెను. ఉత్సవమూర్తికి ఆకాశమున పూలు పూయింపదలచినచో అనుమతి పొంది, అగ్నిమాపకదళమును పిలిచి, జనమును దూరముగా నిలిపి చేయుడు. అదియును వీలుకానిచో నాదస్వరము, డోలు ఉన్నవి గదా.

చప్పుడు భరింపలేని ప్రాణులు మన చుట్టును ఉన్నవి. కింగ్ జార్జి ఆసుపత్రిలో ఆ రాత్రియు బాలింతలుందురు, పురిటిబిడ్డలుందురు, గుండెజబ్బువారుందురు. ఆసుపత్రులకు నూరు మీటర్ల పరిధి నిశ్శబ్దమండలమని నియమము. సింహాద్రినాథునికి మ్రొక్కుగా కోడెదూడలను సమర్పించి గోశాలలో విడిచివచ్చు భక్తులము మనము. ఆవు మెడత్రాడు తెంపుకొని పరుగెత్తునట్లు బాంబు పేల్చు భక్తులము కూడ మనమే. నాలుగు దినములు పోయిన తరువాత నాగులచవితి వచ్చును. మిగిలిన టపాకాయలను పుట్ట దగ్గర కాల్చు అలవాటు మన ప్రాంతమున ఉన్నది. పాలు పోసి చల్లగా ఉండుమని వేడుకొనిన నాగేంద్రుని వాకిట బాంబు పేల్చుటకు ఏ గ్రంథము ప్రమాణమో నాకు ఎంత వెదకినను దొరకలేదు.

బాణసంచా లేకుండ దీపావళి జరుగునా యని సందేహించువారికి 2014 జ్ఞాపకము చాలును. ఆ అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరము మీద విరుచుకుపడినది. పదునొకండు దినములకు, 23న, దీపావళి. వీధి వీధిన కూలిన చెట్లు, ఎండిన కొమ్మలు, ఆకుల గుట్టలు. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుచేత ఆ సంవత్సరము నగరములో బాణసంచా అమ్మరాదని, కాల్చరాదని ప్రభుత్వము ఆంక్ష విధించినది. సముద్రతీరమున జనము కొవ్వొత్తులు చేతబట్టి నడిచిరి. వాకతిప్పలో ఆ స్త్రీలు మరణించినది సరిగా ఆ వారములోనే. ఆ రాత్రి విశాఖలో ఎవరి పండుగయు లోపింపలేదు. అభ్యంగనము జరిగినది, లక్ష్మీపూజ జరిగినది, దీపములు వెలిగినవి. చీకటి గుమ్మములలో ఒక్కొక్క ప్రమిద ఎంత దూరము కనబడునో ఆ సంవత్సరము చూచినవారికి తెలియును.

దివిటీలు మరచిన ఇండ్లవారి కొరకు పద్ధతి చెప్పెదను. పాత నూలుగుడ్డను వత్తులుగా చేసి నువ్వులనూనెలో ముందుగా నానబెట్టుడు. పచ్చి గోగుకాడలకు, దొరకనిచో ఆముదపు కొమ్మలకు, ఆ వత్తులు చుట్టుడు. పిల్లలకు నూలుబట్టలే తొడుగుడు. పట్టు, నైలాను వద్దు. ప్రక్కన రెండు బాల్చీల నీళ్లుండవలెను. అస్తమయమైన పిదప ఇంటి దీపమునుండియే దివిటీ ముట్టించి, గుమ్మము ఎదుట నిలిచి, పోయిన పెద్దలను పేరుపేరున తలచుకొని పైకెత్తి చూపుడు. తరువాత నేలకు మెల్లగా కొట్టుడు. వత్తులు ఆరిన పిదప కాడలన్నియు ఒకచోట వేసి నీళ్లు చల్లి, కాళ్లు కడుగుకొని, నోరు పుక్కిలించి లోనికి వచ్చి, పిల్లల నోట తీపి పెట్టుడు. బాణసంచా కాల్చు ముచ్చట ఉన్నవారు ఆ తరువాత, ఎనిమిది గంటలకు, పెద్దలు దగ్గరనుండగా కాల్చుకొనవచ్చును. పేలక నిలిచిపోయిన దానిని మరల ముట్టింపక బాల్చీలో వేయవలెను. ఎవరికైనను కాలినచో సిరా, పసుపు పూయక, చల్లని నీటిధార క్రింద ఇరువది నిమిషములుంచి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.